ఎడమ నుంచి కుడికి

'స్వాతంత్ర్యం' ఈ ఫారంలో పదకొండుసార్లు వచ్చింది,
ఏడుసార్లు తప్పు.
త కింద ర ముందా, య ముందా
కంపోజింగ్ శ్యామలకూ నాకూ ఇరవయ్యేళ్ల తగాదా.
ఈ ఊళ్లో ఆ మాటని ఒకేలా రాసేవాళ్లని
ఇద్దర్ని నేనింకా చూడలేదు.

చిక్కడపల్లి సందులో, మిర్చీబజ్జీల బండి పైన,
ఇనప మెట్లెక్కితే మా ప్రెస్సు.
ఎనిమిదో తరగతి ఉపవాచకం,
ఐదో పాఠం: అమెరికా స్వాతంత్ర్య ప్రముఖులు.
పురుషోత్తం గారి అనువాదం. బాగా చేశారు.
'మనుషులందరూ సమానులుగా సృష్టింపబడినారు'
అన్నచోట ఒక్క పొల్లు జారలేదు.
నా ఎర్రపెన్ను అక్కడ కాసేపు ఆగింది, ఎందుకో.

పక్క పుటలో బొమ్మ.
బూడిదరంగు విగ్గుల పెద్దలు నలుగురు,
మోకాళ్ల దాకా మేజోళ్లు,
ఒకాయన చేతిలో చుట్టిన కాగితం.
అడుగున, ఎడమ నుంచి కుడికి, నలుగురి పేర్లూ.
గుర్రానిక్కూడా పేరుంది: జూపిటర్.

సాయంత్రం మస్రూర్ వచ్చాడు, మా బైండరు,
పాత బాకీ కోసం.
ఏసీ గార్డ్స్‌లో ఇల్లు.
నిజాం గుర్రపుదళానికని ఓడ దింపిన
ఆఫ్రికా మనుషుల మునిమనవడు.
పెళ్లిళ్ల రోజుల్లో మర్ఫా వాయిస్తాడు,
మిగతా ఏడాదంతా మైదా జిగురు వాసన.
నేను నోట్లు లెక్కపెడుతుంటే
ప్రూఫు మీదికి వంగి, బొమ్మ అంచున వేలుపెట్టాడు:
"యే పొట్టా కౌన్ హై, మేడం?"

అప్పుడు చూశాను.
గుర్రం మెడ వెనక నీడ అనుకున్నది
ఒక పిల్లాడు.
తలకి పాగా, గుప్పిట్లో కళ్లెం.
పదేళ్లుంటాయేమో.
గుర్రాన్ని చూడటం లేదు, పెద్దల్నీ చూడటం లేదు,
బొమ్మ గీసేవాడి వైపు చూస్తున్నాడు,
అయిపోయిందా అన్నట్టు.

మూడు ప్రూఫులు చదివాను ఇదే పుటని.

మా అమ్మమ్మ జనగామ అవతల ఒక గడీలో
నీళ్లు తోడింది, కూలి లేకుండా.
ఎదురుపడ్డవాళ్లందరికీ "బాంచెన్" అనేది.
ఆ మాటలో బానిస కూచునుందని
చనిపోయేదాకా ఆమెకి తెలీదు.
అది ఆమెకి దండం, అంతే.
రాంనగర్‌లో మా ఇంటికొచ్చాక
పాలవాడితోనూ అంది. వాడు నవ్వాడు.
నేను సిగ్గుపడ్డాను, అప్పట్లో, ఆమె గురించి.

పురుషోత్తం గారికి ఫోను చేశాను.
"ఆ పిల్లాడు పాఠంలో లేడు కదమ్మా" అన్నారు.
"బానిసత్వ నిర్మూలన ఏడో పాఠం.
అది వేరే శతాబ్దం."
కొంచెం ఆగి, దయగానే,
"కాలమ్ ఎలాగూ ఇరుకు. కుడివైపు కోసెయ్యండి,
గుర్రం సగం పోతే పోయింది."

ఆ పెద్దల్ని తిట్టే నోరు కాదు నాది.
రాజుని కాదన్నారు. ఉరి పడొచ్చని తెలిసీ
సంతకం పెట్టారు.
ఆ సిరా నిజమైందే.
మరి ఆ పూట సిరాబుడ్డి అందించిందెవరు,
చలిలో ఆ గుర్రాన్ని పట్టుకు నిలబడ్డదెవరు?
పాఠం చివర పది ప్రశ్నలున్నాయి.
ఇది లేదు.

శ్యామల కంప్యూటరు ఆపేస్తుంటే ఆపాను.
పేర్ల చివర కొట్టించాను:
'కళ్లెం పట్టుకున్న బాలుడు, పేరు తెలియదు.'
"లైను కిందికి దిగిపోతోంది మేడం."
"గుర్రం పేరు తీసెయ్."

మస్రూర్ కాగితాన్ని వెలుతురుకి పట్టి చూశాడు.
పుట ఎడమది, పిల్లాడు కుడి అంచున,
బైండు చేస్తే కుట్టులోకి పోతాడు.
"సిలాయీ మే నై జాతా," అన్నాడు,
"రెండు నూళ్లు వదుల్తా. ఫారాలు రానీ."
బాకీ జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు,
ఇనప రెయిలింగు మీద వేళ్లతో ఏదో వాయిస్తూ.

అతను వెళ్లాక చూశాను,
పుట అడుగున పన్నెండో స్వాతంత్ర్యం.
అదీ తప్పే.